ప్రెయిరీలో హోర్ ఫ్రాస్ట్ పూసిన ఉదయాన్ని కళ్ళారా చూడాలంటే ఎలా బయల్దేరాలి

మన భాషలో మంచు అన్న ఒక్క మాట ఎన్నిటికో సరిపోతుంది. గడ్డి మీది తడీ మంచే, తెల్లారగట్ల రోడ్డు మూసేసేదీ మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే. కెనడా ప్రెయిరీలకి, అంటే ఇక్కడి విశాలమైన గడ్డి మైదానాలకి, వచ్చాక ఆ ఒక్క మాట చాలదు. ఇక్కడ ఆకాశం నుంచి పడని మంచు ఇంకొకటి ఉంది. గాలిలోని ఆవిరి నీరుగా మారకుండానే, ఏకంగా స్ఫటికమై కొమ్మకి అంటుకుంటుంది. దాన్ని హోర్ ఫ్రాస్ట్ అంటారు. నిఘంటువులో తుషారం అన్న మాట దీనికి దగ్గరగా ఉంది గానీ ఇక్కడి తెలుగువాళ్ళం అందరం హోర్ ఫ్రాస్ట్ అనే అంటాం.

సాస్కాచెవాన్ రాష్ట్రంలోని సాస్కటూన్ నగరంలో నా మొదటి రెండు చలికాలాలు కిటికీ తెరలు దించుకునే గడిచాయి. మూడో ఏడు జనవరిలో ఒకరోజు నైట్ డ్యూటీ దిగి ఇంటికొస్తున్నాను. రాత్రి డ్యూటీకి వెళ్ళేటప్పుడు నల్లగా, బోడిగా ఉన్న చెట్లు పొద్దున్నకల్లా ఒక్క పుల్ల కూడా మిగలకుండా తెల్లగా పూసి ఉన్నాయి. కరెంటు తీగలు నా బొటనవేలంత లావయ్యాయి. ఆ రోజు నేను ఇంటికి తిన్నగా వెళ్ళలేదు. అప్పటినుంచి ప్రతి చలికాలమూ ఆ ఉదయాల కోసం కాచుకుని ఉంటున్నాను. చలి ఎప్పుడు పోతుందా అని రోజులు లెక్కపెట్టే మనవాళ్ళకి ఇది చూపించాలని నా ఆశ. దీనికోసం దూరం వెళ్ళక్కర్లేదు, వేళ తెలిస్తే చాలు. ఆ వేళని ఎలా పట్టుకోవాలో చెబుతాను.

ముందురోజు రాత్రి 9 గంటలకి

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. ఫోన్‌లో వాతావరణం చూడండి. మొదట గాలి. గంటకి 10 కిలోమీటర్ల లోపు ఉండాలి. 20 దాటితే నేను అలారం పెట్టుకోను, ఎందుకంటే కట్టిన స్ఫటికాలు కట్టినట్టే రాలిపోతాయి. రెండోది ఆకాశం. మబ్బు లేని రాత్రి నేలా, గడ్డీ, కొమ్మలూ తమ వేడిని ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడిపోతాయి. లంబసింగిని అక్కడివాళ్ళు కొర్రబయలు అంటారు కదా, రాత్రి బయట ఉన్నవాడు కర్రలా బిగుసుకుపోతాడని. అక్కడ గడ్డి మీద బిందువులు గడ్డకట్టేదీ ఇలాంటి నిర్మలమైన, గాలి కదలని రాత్రుల్లోనే.

మూడోది తేమ. ఇక్కడ చాలామంది పొరబడతారు. తేమ 100 శాతం చూపిస్తేనే ఫ్రాస్ట్ కడుతుందనుకుంటారు. అలా కాదు. యాప్‌లో కనిపించే శాతం నీటిని కొలతగా పెట్టుకుని వేసిన లెక్క. మంచు స్ఫటికం పట్టిన ఆవిరిని నీటికన్నా గట్టిగా పట్టి ఉంచుతుంది, అంత తేలిగ్గా వదలదు. అందుకని గాలిలో ఆవిరి కాస్త తక్కువున్నా స్ఫటికం పెరుగుతూనే పోతుంది. మైనస్ 10 దగ్గర తేమ 91 శాతం ఉంటే చాలు, మైనస్ 15 దగ్గర 86, మైనస్ 20 దగ్గర 82. ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకోండి. రాత్రంతా తేమ వీటికి పైన ఉండి, గాలి పడిపోతే, తెల్లారేసరికి ఏదో ఒకటి పూసి ఉంటుంది.

ఇక రాత్రి పొగమంచు కమ్మి తెల్లవారుజామున విడిపోతే అంతకన్నా అదృష్టం లేదు. ఆ పొగమంచులోని సన్నటి నీటి బొట్లు సున్నాకన్నా ఎంతో చల్లగా ఉండి కూడా గడ్డకట్టకుండా తేలుతుంటాయి. కొమ్మకి తగలగానే గడ్డకడతాయి. నిజానికి దాన్ని రైమ్ అనాలి. అది ఒక్క వైపే, గాలి వచ్చే దిక్కుకి ఎదురుగా పెరుగుతుంది, తెల్లగా గట్టిగా ఉంటుంది. హోర్ ఫ్రాస్ట్ అయితే చుట్టూ ఈకల్లా లేస్తుంది, ముట్టుకుంటే రాలుతుంది. ప్రెయిరీ జనం రెండింటినీ హోర్ ఫ్రాస్ట్ అనే పిలుస్తారు. చాలా ఉదయాల్లో రెండూ కలిసే ఉంటాయి కూడా. పేరు కోసం వాళ్ళతో వాదించకండి.

బండి సంగతి

పడుకునే ముందే బ్లాక్ హీటర్ (చలికి ఇంజిను బిగుసుకోకుండా కరెంటుతో వెచ్చబెట్టేది) కేబుల్‌ని టైమర్‌కి తగిలించండి. మైనస్ 15 దాటితే బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందు నుంచి హీటర్ పనిచేయాలి. రాత్రంతా పెడితే కరెంటు దండగ. టైర్ల పక్కన మూడు కొండ శిఖరాలు, మధ్యలో మంచుపువ్వు ఉన్న గుర్తు కనిపించాలి. ఆల్ సీజన్ టైర్లతో ఊళ్ళో నెట్టుకొస్తారేమో గానీ, ఈ డ్రైవ్‌కి వద్దు. చలికి టైర్లలో గాలి కూడా తగ్గుతుంది, ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడినప్పుడల్లా ఒక పీఎస్ఐ చొప్పున. ఒకసారి చూసుకోండి.

ట్యాంకు సగానికి తగ్గకుండా పెట్రోలు. అద్దం కడిగే నీళ్ళు మైనస్ 40 దాకా గడ్డకట్టని రకం. డిక్కీలో పార, లాగుడు తాడు, జంపర్ కేబుళ్ళు, ఇసుక సంచి లేదా పిల్లుల లిట్టర్ సంచి, రెండు దుప్పట్లు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, కొవ్వొత్తి నిలబెట్టడానికి ఒక ఖాళీ డబ్బా. తినడానికి జంతికలో చెగోడీలో పెట్టుకోండి, గడ్డకట్టవు. అరటిపండు రాయయిపోతుంది. ఫ్లాస్కులో టీ. మంచినీళ్ళ సీసా నిండా నింపకండి, వ్యాకోచించి పగులుతుంది. ఏ రోడ్డు మీద వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి. పల్లె రోడ్ల మీద సిగ్నల్ అందని చోట్లు ఉంటాయి. హైవే హాట్‌లైన్‌లో రోడ్డు పరిస్థితి చూశాకే తాళాలు తీసుకోండి.

ఒంటి మీదికి

మాఘమాసం చలికి మాకులు కూడా వణుకుతాయని మనవాళ్ళంటారు. ఇక్కడ మనిషి చర్మం గడ్డకడుతుంది. గాలితో కలిసిన చలి మైనస్ 28 దాటితే, కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో దెబ్బతినవచ్చు. మైనస్ 40 దాటితే ఐదు పది నిమిషాలు చాలు. ఒంటికి ఆనుకుని కాటన్ వద్దు, చెమట పట్టి చల్లబడుతుంది. ఉన్ని సాక్సులు, చెవులు పూర్తిగా మూసే టూక్ (ఉన్ని టోపీ), లోపల పల్చటి గ్లౌజు, పైన మిట్ (నాలుగు వేళ్ళూ కలిపి ఉంచే మందపాటి తొడుగు). చేతిలో కెమెరా ఉన్నప్పుడు ఆ లోపలి గ్లౌజే మిమ్మల్ని కాపాడుతుంది. పిల్లలుంటే బండి దిగి బయట ఉండే సమయం పది నిమిషాలకి మించనీయకండి. ఎక్కించుకుని వేడి చేసి మళ్ళీ దింపండి.

ఎన్నింటికి, ఎటు

ఇందులో సుఖం ఏమిటంటే, తెల్లారగట్ల లేవక్కర్లేదు. డిసెంబర్ చివరలో సాస్కటూన్‌లో సూర్యోదయం 9.15 ప్రాంతంలో. 8.30కి బయల్దేరితే సరిగ్గా సరిపోతుంది. ఆ అరగంటా వదులుకోకండి. సూర్యుడు రాకముందు ఫ్రాస్ట్ తెల్లగా ఉండదు, నీలంగా ఉంటుంది, ఉతికిన తెల్లబట్టకి నీలిమందు ఎక్కువైనట్టు. తర్వాత గులాబీ రంగు వస్తుంది, కాసేపే. ఆపైన ఎండ తగిలి ఒక్కో కొమ్మా మెరవడం మొదలుపెడుతుంది. ఇక ఆ ఎండ రోజంతా పక్కవాటుగానే ఉంటుంది. డిసెంబర్ 21 ప్రాంతాల్లో సూర్యుడు బాగా పైకొచ్చేది మధ్యాహ్నం ఒంటిగంటకి. అప్పుడు కూడా దిగంతం నుంచి 15 డిగ్రీల ఎత్తు లోపే. అదే రోజు హైదరాబాదులో 49 డిగ్రీలు ఉంటాడు. అంత వాలుగా వచ్చే వెలుతురు కాబట్టే స్ఫటికాలు అన్ని గంటలు మెరుస్తాయి.

సాస్కటూన్ నుంచి అయితే నా ఓటు దక్షిణానికి, 219 నంబరు హైవేకి. అది సౌత్ సాస్కాచెవాన్ నది పక్కనే సాగుతుంది. ఊరికి దక్షిణాన కరెంటు తయారీ కేంద్రం దగ్గర నది పూర్తిగా గడ్డకట్టదు. మైనస్ 25లో ఆ నీళ్ళ నుంచి పొగలు లేస్తుంటాయి, ఒడ్డున చెట్లకి కావలసినంత ఆవిరి అందుతుంది. పొలాల్లో ఏమీ లేని రోజున కూడా నది వెంట చెట్లు పూసి ఉండడం నేను చాలాసార్లు చూశాను. ఊరు దాటిన కొద్దిసేపటికే బీవర్ క్రీక్ వస్తుంది. నడక దారులున్న చోటు, ఏ వేళల్లో తెరిచి ఉంటుందో ముందే చూసుకోండి. అక్కడి చికడీ పిట్టలకి మనిషి భయం లేదు. అరచేతిలో ఉప్పు లేని పొద్దుతిరుగుడు గింజలు పెట్టి కదలకుండా నిలబడండి. ఫ్రాస్ట్ పూసిన కొమ్మ మీది నుంచి నల్లటోపీ పెట్టుకున్నట్టుండే చిన్న పిట్ట ఎగురుతుంది. అది ఎగిరిన కొమ్మ నుంచి తెల్లటి పొడి రాలుతుంది. ఆ పొడి ఇంకా గాలిలో ఉండగానే పిట్ట మీ వేలి మీద ఉంటుంది. దాని బరువు తెలియదు, గోళ్ళు మాత్రం తెలుస్తాయి.

రెజీనా వైపు వెళ్ళేవాళ్ళకి 11వ నంబరు హైవే ఉంది, సుమారు 260 కిలోమీటర్లు. కానీ హైవే మీద ఆగలేరు, వెనక లారీలుంటాయి. అందుకని పక్కన గ్రిడ్ రోడ్డులోకి దిగండి. సాస్కాచెవాన్‌లో నేలని మైలు చదరాలుగా కొలిచి పంచారు. ఉత్తర దక్షిణాలుగా మైలుకొక దారి, తూర్పు పడమరలుగా రెండు మైళ్ళకొక దారి వదిలారు. దారి తప్పుతామన్న భయం అక్కర్లేదు, వరుసగా నాలుగుసార్లు కుడికి తిరిగితే మళ్ళీ బయల్దేరిన చోటికే వస్తారు. కాకపోతే కాగితం మీద దారి ఉన్న ప్రతిచోటా రోడ్డు ఉండదు, ఉన్న ప్రతి రోడ్డు మీదా మంచు తీయరు. ముందే బండ్ల చాళ్ళు పడి ఉన్న దారిలోనే వెళ్ళండి. గంటకి 60 చాలు.

పొలాల మధ్య వరసగా నాటిన పొదలు కనిపిస్తే నెమ్మదించండి. అవి షెల్టర్‌బెల్టులు, గాలికి మట్టి కొట్టుకుపోకుండా రైతులు పెంచిన అడ్డుకట్టలు. ఇండియన్ హెడ్ అనే ఊళ్ళో ప్రభుత్వ నర్సరీ 1901 నుంచి 2013 దాకా ప్రెయిరీ రైతులకి 60 కోట్లకు పైగా మొక్కలు పంచింది. వాటిలో కరగానా చాలా ఎక్కువ. మన కందిజాతి మొక్కే, కాయలు ఎండి చీలి, మెలితిరిగి చలికాలమంతా కొమ్మనే వేలాడుతుంటాయి. హోర్ ఫ్రాస్ట్ వాటి అంచుల వెంట కడుతుంది. పెద్ద చెట్ల కన్నా ఈ కరగానా పొదలే నాకు ఎక్కువ ఇష్టం.

ఆపేటప్పుడు

ఇది జాగ్రత్తగా చదవండి. రోడ్డు పక్క కాలువలు గాలి తెచ్చిన మంచుతో నిండి రోడ్డుతో సమానంగా కనిపిస్తాయి. నేల అనుకుంటాం, అక్కడ నేల ఉండదు. ఒకసారి విల్లో పొద కోసమని పక్కకి తీసి ఆపాను. కుడివైపు రెండు చక్రాలూ మెల్లగా దిగిపోయాయి, తలుపు మంచుకి ఆనుకుని తెరుచుకోలేదు. గంటకి పైగా కూర్చున్నాం, వెనక సీట్లో మా అమ్మాయి ఉంది. ట్రాక్టరు మీద వచ్చిన ఒక పెద్దాయన గొలుసు వేసి లాగి, డబ్బు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఒక్కమాట చెప్పి వెళ్ళాడు: ఎప్పుడు ఆపినా అప్రోచ్‌లోనే ఆపు. అప్రోచ్ అంటే రోడ్డు నుంచి పొలంలోకి ట్రాక్టరు దిగడానికి కాలువ మీద మట్టి పోసి కట్టిన దారి. అది కూడా గట్టిగా ఉందో లేదో ముందు దిగి కాలితో చూడండి. దారికి పూర్తిగా అడ్డం పెట్టకండి.

ఆగి ఉన్నంతసేపూ లైట్లన్నీ వెలగనివ్వండి. పగటి లైట్లు ముందువైపు మాత్రమే వెలిగే బండ్లు చాలా ఉన్నాయి, అన్నీ తెల్లగా ఉన్న చోట వెనక దీపాలు లేని బండి కనపడదు. స్టాప్ గుర్తుల మీద కూడా ఫ్రాస్ట్ కట్టి ఎరుపు కనిపించకపోవచ్చు, కాబట్టి ప్రతి నాలుగు రోడ్ల కూడలి దగ్గరా గుర్తు ఉందనే అనుకుని ఆగండి. పొగమంచు ఇంకా విడిపోకపోతే బయల్దేరవద్దు, గంట ఆలస్యమైతే నష్టం లేదు.

ఇరుక్కుపోతే బండి వదిలి నడవకండి. పొగగొట్టం చుట్టూ మంచు తీసేయండి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. గంటకి పది నిమిషాలు మాత్రం ఇంజిను నడిపి, అప్పుడు ఒక కిటికీ వేలెడంత దించి ఉంచండి.

కంచె దాటి పొలంలోకి వెళ్ళకండి. 2022 జనవరి 1 నుంచి సాస్కాచెవాన్‌లో సొంత భూముల్లో అడుగుపెట్టాలంటే ముందుగా అనుమతి ఉండాలి. అసలు దాటాల్సిన అవసరమూ లేదు, కంచే మీకు కావలసింది.

కంచె దగ్గర నిలబడి

ముందు ఇంజిను ఆపేయండి. ఆ నిశ్శబ్దం ఇక్కడి చలికాలంలో తప్ప దొరకదు. తర్వాత ముళ్ళతీగ దగ్గరికి వెళ్ళి, ఊపిరి బిగబట్టి, ఒక్క ముల్లుని చూడండి. సన్నటి వస్తువులు త్వరగా చల్లబడతాయి, వాటి మొనలు ఆవిరిలోకి చొచ్చుకుని ఉంటాయి, అందుకే స్ఫటికాలు ముందుగా ముళ్ళ కొనల మీద, గడ్డిపోచల అంచుల మీద మొలుస్తాయి. ఒక్కో స్ఫటికం ఈకలాగా ఉంటుంది: మధ్యలో ఈనె, దాని నుంచి వాలుగా చిన్న ఈనెలు, వాటి నుంచి ఇంకా చిన్నవి. కొన్నిసార్లు ఈకలు కాకుండా పల్చటి పలకలు, లేదా బోలుగా ఉన్న సన్నటి గొట్టాలు కనిపిస్తాయి. ఆ తేడా చలినీ తేమనీ బట్టి వస్తుంది. ఉకిచిరో నకాయా అనే జపాన్ శాస్త్రవేత్త 1936లో హొక్కైడోలో మొట్టమొదటిసారి మంచు స్ఫటికాన్ని ప్రయోగశాలలో పెంచి చూపించాడు. ఏ చలిలో ఏ ఆకారం వస్తుందో పట్టిక గీశాడు. మైనస్ 5 దగ్గర సూదులు, మైనస్ 15 దగ్గర కొమ్మలు వేసే పువ్వులు. మీ ఎదురుగా ఉన్న ముల్లు మీద రాత్రంతా జరిగింది కూడా అదే.

నల్ల ఉన్ని గ్లౌజు మీదికి ఒక స్ఫటికాన్ని రాల్చుకుని పిల్లలకి చూపించండి. నోటి ఊపిరి తగిలితే మాయమవుతుంది, కాబట్టి మొహం పక్కకి తిప్పుకోమనండి. మా అమ్మాయి ఒకసారి చాలాసేపు చూసి, అమ్మమ్మ వేసే ముగ్గులో కూడా ఇలాగే ఒకదాంట్లోంచి ఒకటి వస్తాయి కదా అంది. సంక్రాంతి అప్పటికి వారం రోజులే ఉంది. ఆ సాయంత్రం మా అమ్మకి వీడియో కాల్‌లో ఆ ఫోటో చూపిస్తే, చుక్కలు ఎన్నో లెక్కపెట్టమంది.

ఇప్పుడు సూర్యుడి వైపు తిరగండి. ఎండకి ఎదురుగా చూస్తేనే స్ఫటికాల్లోంచి వెలుతురు వస్తుంది. ఎండని వీపుకి పెట్టుకుంటే చెట్టు తెల్లగా మాత్రమే ఉంటుంది. గాలిలో కూడా సన్నటి మంచు రవ్వలు తేలుతుంటే సూర్యుడికి అటూ ఇటూ రెండు వెలుగు మచ్చలు కనిపిస్తాయి, వాటిని సన్‌డాగ్స్ అంటారు. చెయ్యి పూర్తిగా చాపి జాన పెట్టండి: బొటనవేలు సూర్యుడి మీద ఉంటే చిటికెనవేలు దగ్గర ఆ మచ్చ ఉంటుంది, సుమారు 22 డిగ్రీలు. చుట్టూ వలయం కూడా ఉంటే అది మన వరదగుడే. మన దగ్గర దాన్ని చూసి వాన వస్తుందనుకుంటాం. సూర్యుణ్ణి నేరుగా చూడకుండా ఏదైనా స్తంభం చాటు చేసుకుని చూడండి.

ఫోటోలు

తెల్లదనాన్ని చూసి కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని ఫోటోని బూడిదరంగు చేస్తుంది. ఎక్స్‌పోజర్ ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపులు పెంచండి. ఫోన్‌లో అయితే తెర మీద వేలు పెట్టి సూర్యుడి గుర్తుని పైకి జరపండి. వెనక నీలాకాశమో, ముదురు రంగు ధాన్యం ఎలివేటరో (ధాన్యం నిల్వచేసే ఎత్తైన గోదాము) ఉండేలా నిలబడితే ఫ్రాస్ట్ విడిగా కనిపిస్తుంది. తెల్లటి ఆకాశం ముందు తెల్లటి చెట్టు ఫోటోలో నిలవదు. ఫోన్ లోపలి జేబులో ఒంటికి ఆనుకుని ఉండాలి, చలికి 40 శాతం ఛార్జి ఉన్నా ఆగిపోతుంది. ఇంటికి బయల్దేరే ముందు, ఇంకా చలిలో ఉండగానే కెమెరాని జిప్ సంచిలో పెట్టి మూసేయండి. ఇంట్లోకి వచ్చాక రెండు గంటలు ఆ సంచి తెరవకండి, తడి సంచి బయట పడుతుంది, లెన్సులో పడదు.

మధ్యాహ్నానికి

పదకొండు దాటాక గాలి కాస్త కదిలిందంటే రాలడం మొదలవుతుంది. మొదట పాప్లర్ చెట్ల పై కొమ్మల నుంచి, తర్వాత తీగల నుంచి బారెడు బారెడు ముక్కలుగా. మబ్బు లేని ఆకాశం కింద మంచు పడుతున్నట్టుంటుంది. చెట్ల కింద నిలబడి చూడండి గానీ కరెంటు తీగల కింద వద్దు. ఫ్రాస్ట్ బరువుకి తీగలు సాగి, ఊగి, తెగడం ఇక్కడ మామూలే. తెగి పడిన తీగ కనిపిస్తే కనీసం 10 మీటర్ల దూరంలో ఉండి కరెంటు వాళ్ళకి ఫోన్ చేయండి.

అంతా రాలిపోయిందని దిగులు పడకండి. గాలిలో అధిక పీడనం వచ్చి కదలకుండా కూర్చుంటే రెండు మూడు రోజులు వరసగా పూస్తుంది. గాలి లేకపోతే నిన్నటిది రాలకుండా దాని మీదే ఇవాళ్టిది కట్టి, మూడోరోజుకి కొమ్మలు వంగుతాయి. ఇంటికెళ్ళి బండిని మళ్ళీ ప్లగ్‌కి తగిలించి, రాత్రి 9 గంటలకి గాలి ఎంత ఉందో, తేమ ఎంత ఉందో ఇంకొకసారి చూడండి.